కాలేజీకి బొట్టు పెట్టి పిలిచిన ఎండాకాలం

మా మనవరాలికి బీబీఏ పాఠాలు చెప్పే సారును మొదటిసారి చూసినప్పుడు కుక్కర్లు అమ్మేవాడనుకున్నాను. మిట్టమధ్యాహ్నం, రోహిణి కార్తె ఎండ. చెప్పులనిండా దుమ్ము, భుజాన సంచి, చేతిలో రంగు కాగితాల కట్ట. పుంగనూరులో మా వీధికి అలాంటివాళ్లు రోజుకొకరు వస్తారు. లోపలినుంచే చెప్పేశాను.

"ఏమీ వద్దప్పా. మా ఇంట్లో అన్నీ ఉండాయి. పో, పో."

"నేను అమ్మేవాణ్ణి కాదమ్మా. మదనపల్లెలో కాలేజీ లెక్చరర్ని. ఇంటర్ పాసైన పిల్లోళ్లుంటే మా కాలేజీలో సేర్పించమని అడగను వచ్చినా."

"అయివోరా? అయివోరు ఇల్లిల్లూ తిరగతాడా?"

"ఇప్పుడంతేనమ్మా. మేం తిరక్కపోతే పిల్లోళ్లు రారు."

నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. నేను మూడో తరగతి దాకే చదివాను. మా అయివారు ఏనాడూ ఎవరి వాకిలీ తొక్కలేదు. మా నాయనే నన్ను చెయ్యి పట్టి తీసుకుపోయి, బతిమాలి కూర్చోబెట్టాడు. తర్వాత మా అమ్మకు కాన్పయితే, చంటిబిడ్డను ఎత్తుకోవడానికి అదే చెయ్యి పట్టి వెనక్కి తీసుకొచ్చాడు. చదువంటే మనం దాని గడపకు పోవాలిగాని అది మన గడపకు రావడమేమిటి? వాకిట్లోకొచ్చి అమ్మే సరుకు నాసిరకమని నా నమ్మకం. అయినా ఎండన పడి వచ్చినవాడికి నీళ్లివ్వకుండా ఉండలేం కదా. చెంబు ఇచ్చాను. తాగి ఇంకో చెంబు అడిగాడు.

అప్పుడు తలుపు వెనకనుంచి మా మనవరాలు అడిగింది. "సార్, సొంతంగా అంగడి పెట్టుకోవాలంటే ఏం సదవాల?"

ఆయన చెంబు కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. పొద్దుటినుంచి తిరిగిన తిరుగుడుకు ఆ ఒక్క ప్రశ్నే కూలి అన్నట్టుంది ఆయన ముఖం. పిల్ల ఆ కాలేజీలో చేరడం అట్లా జరిగింది.

అది నా కూతురి కూతురు. కూతుర్ని కుప్పంలో ఇచ్చాం. కూతురూ అల్లుడూ తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోతారు, బట్టల ఫ్యాక్టరీలో పని. దీపాలు పెట్టాక ఇల్లు చేరతారు. పిల్ల ఒక్కతే ఇంట్లో ఉండాల్సి వస్తుందని, పదో తరగతి అయ్యాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. దాని తాతలు కూలికి పోయినవాళ్లు. తల్లిదండ్రులు నెలజీతానికి ఎక్కారు. ఇదేమో నెలజీతం కూడా వద్దు, సొంత అంగడి అంటుంది. ఏం అంగడి మే అని అడిగితే, "అది మూడో సంవత్సరంలో తెలుస్తాదవ్వా, అప్పుడు ప్రాజెక్టు చేయిస్తారు" అంటుంది.

చేర్చే రోజు నేనే వెంట పోయాను. కాలేజీ అంటే గేటు, చెట్లు, పెద్ద మేడ ఉంటాయనుకున్నాను. కింద సిమెంటు, ఇనుము అమ్మే అంగడి ఉంది. దాని పక్కనుంచి మెట్లు, పైన నాలుగు గదులు. చివరి గది బీబీఏది. పిల్లలు వేళ్ల మీద లెక్కకొచ్చేంతమందే. ఆ సారే సగం పాఠాలు చెబుతాడు, ఆయనే బోర్డు తుడుస్తాడు, ఆయనే గంట కొడతాడు. పిల్లను వెనక్కి తీసుకుపోదామా అనుకుంటూ వాకిట్లో నిలబడ్డాను. అంతలో ఆయన బోర్డు తుడిచి, కింద పడిన సుద్దముక్కలను వంగి ఏరుకొని డబ్బాలో వేసుకున్నాడు. గోరంత ముక్కను కూడా వదల్లేదు. ఈయన చేతిలో ఏదీ వృథా పోదనుకొని, పిల్లను అక్కడ వదిలి బస్సెక్కాను.

సాయంత్రం పూట నేను సంగటి కెలుకుతూ ఉంటే అది ఆ రోజు పాఠం నాకు అప్పజెప్పేది.

"అవ్వా, కస్టమరే రాజంట."

"రాజైతే బేరం యాల ఆడతాడు మే? రాజు అడిగినంత ఇచ్చి పోతాడు."

"అట్ల కాదవ్వా, వాళ్లకేం కావాల్నో వాళ్లు సెప్పకముందే మనం తెలుసుకోవాల."

"అది నీకు రెండేండ్లు సెప్తాండారా? ముందు నాకేం కావాల్నో తెలుసుకో. ఆ పొయ్యి కాడి గంటె ఇయ్యి."

అట్లా రెండేళ్లు బాగానే గడిచాయి. రెండో సంవత్సరం పరీక్షలు దగ్గర పడినప్పుడు ఒకనాడు పిల్ల బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కోకుండా స్తంభానికి ఆనుకొని కూర్చుంది. ముద్ద పెడితే ముట్టలేదు.

"మా సెక్షన్ ఎత్తేస్తారంటవ్వా."

విడమర్చి చెప్పమంటే చెప్పింది. బీబీఏకు ఏటేటా పిల్లలు తగ్గుతున్నారు. ఈసారి మొదటి సంవత్సరంలో కనీసం పదిహేను మంది చేరకపోతే కాలేజీ యజమాని బీబీఏను ఆపేస్తాడు. మూడో సంవత్సరం పిల్లలను దూరాన తనకున్న ఇంకో కాలేజీకి పంపుతాడు. అక్కడ హాస్టల్లో ఉండి చదువుకోవాలి.

మా అల్లుడు హాస్టలుకు ఒప్పుకోడని నాకు తెలుసు. ఫోనులో తేలే మాట కాదని, వాళ్లకు సెలవుండే ఆదివారం చూసుకొని పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాను. అల్లుడు గడప మీద కూర్చొని గడ్డం గీసుకుంటున్నాడు. సంగతి విని కత్తి పక్కన పెట్టాడు.

"సదువు వద్దని నేనన్నానా అత్తా? హాస్టలు వద్దంటాండా. బిడ్డ యాడో ఉంటే నేను మిషను కాడ నిలబడలేను. మాతో పాటు రైలెక్కనీ. సూపర్‌వైజరుకు సెప్పి పెడతా."

"అంటే రెండేండ్ల సదువు రైలు కిటికీలోనుంచి పారేస్తావా?"

లోపల బట్టలు ఉతుకుతున్న నా కూతురు నవ్వింది. "మసిగుడ్డ చినిగినా పారేయవు నువ్వు. నీకు అట్లనే ఉంటాదిలేమ్మా."

"నువ్వు ఊరుకో మే. అప్పా, మదనపల్లె కాలేజీ నిలబడితే సదివిస్తావా?"

"నిలబడితే నాకేం అడ్డం? సంతోషంగా సదువుకోనీ. అయితే అది నిలబడేది మన సేతిలో ఉండాదా అత్తా?"

"సూద్దాం" అని లేచాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు వి.కోటలో ఆగింది. నా పక్క సీటామె కిటికీలోనుంచి మిరపకాయ బజ్జీలు కొనుక్కుంది. వాటిని చుట్టిన కాగితం ఏదో పెద్ద కాలేజీ పాంప్లెట్టు. దాని మీద నల్లకోటు పిల్లలు నవ్వుతున్నారు, వాళ్ల ముఖాల మీద నూనె. ఆమె తిని, దాంతోనే చేతులు తుడుచుకొని బయట పారేసింది. నేను ఊరు చేరేదాకా ఆ కాగితం గురించే ఆలోచించాను. సారు కూడా ఎండలో తిరిగి ఇట్లాంటివే పంచుతున్నాడు. మా దిక్కు పెళ్లికి ఎంత మంచి కార్డు పంపినా, గడప ఎక్కి బొట్టు పెట్టి పిలవకపోతే అభిమానమున్నవాళ్లు రారు. కార్డు ఇస్తే అది కబురే. బొట్టు పెడితేనే పిలుపు.

మర్నాడే సారును పిలిపించాను. "నువ్వు రామసముద్రం దిక్కు తిరుగు. పుంగనూరు, సుట్టుపక్కల పల్లెలు నేను సూసుకుంటా" అన్నాను. ఆయన ఒక కట్ట పాంప్లెట్లు నా చేతిలో పెట్టి, "ఇంటికొకటి ఇయ్యండవ్వా" అన్నాడు.

పిల్లకు పరీక్షలు మొదలయ్యాయి కాబట్టి నేనొక్కదాన్నే బయలుదేరాను. కుంకుమ భరిణె సంచిలో పెట్టుకుంటుంటే మా ఇంటాయన మంచం మీదినుంచి తల ఎత్తాడు.

"ఏమే, కాలేజీకి పేరంటం పిలుస్తాండావా?"

"అవును. నువ్వు పొయ్యి మీద పాలు పొంగకుండా సూడు, అదే పదివేలు."

చింతపండు అమ్మి సంసారం ఈదినదాన్ని. ఆ పల్లెల్లో నన్ను ఎరగని గడప లేదు. ఇంటర్ పాసైన పిల్లలు ఏయే ఇళ్లల్లో ఉన్నారో విచారించుకొని పోయేదాన్ని. పిల్లకు కాదు, తల్లికి పెట్టేదాన్ని బొట్టు. మొదటి పల్లెలో ఒకామె పంచలో కూర్చొని టమోటాలు ఏరుతోంది, మచ్చవి ఒక పక్క, మంచివి ఒక పక్క. నా చేతిలో భరిణె చూసి చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏం పెద్దమ్మా, ఎవురి పెండ్లి? మనవరాలిదేనా?"

"పెండ్లి కాదు. నీ బిడ్డను కాలేజీకి పిలవను వచ్చినా."

"సదువుకు బొట్టు పెడతారా యాడన్నా? నువ్వు మరీ సూడు!"

"పెండ్లికి పెడితే ఒక్క పూట కూడు. దీనికి పెడితే మూడేండ్ల సదువు. ఏది లాభం? తల ఎత్తు."

నవ్వుతూనే తల ఎత్తింది. బొట్టు పెట్టించుకున్నాక మాత్రం ఆ నవ్వు ఆగింది. మా దిక్కు ఆడవాళ్లకు అదొక కట్టు. పెట్టించుకున్నాక "రాను" అని నోటితో అనలేరు. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, అంతా అడిగింది. బస్సు గురించి భయపడింది. "ఆడోళ్లకు టికెట్టు లేకుండా చేసినారు కదా, ఇంకా ఏం భయం?" అన్నాను. పాంప్లెట్టు చూపించాను. కూతురు చదివి వినిపించింది.

ఊళ్లో పరుపులు కుట్టే సాయిబు ఇంటికి పోయేటప్పుడు భరిణెను చెంగున ముడేసుకొని, మా పెరట్లో కోసిన కనకాంబరాల దండ బయటికి తీశాను. ఆయన తల్లి నా ఈడుది, గడపలోనే ఆపింది.

"ఆవో అమ్మా, బైఠో. ఊరంతా బొట్టు పెట్టి పిలస్తాండావంట. మాకు బొట్టు లేదు కాబట్టి పిలుపు కూడా లేదనుకున్నా."

"నీకు లేకుండా యాడికి పోతాది? పూలు తెచ్చినా సూడు."

ఆమె నవ్వి, తన మనవరాలిని పిలిచి దండ ఇచ్చింది. ఆ పిల్ల దండ తలలో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకొని తండ్రి దిక్కు చూసింది. సాయిబు చేతికంటిన దూది దులుపుకుంటూ వచ్చాడు.

"ఒక్కదాన్నే బస్సులో పంపాలంటే నాకు మనసు రాదవ్వా."

"ఒక్కదాన్ని యాల పంపుతావు? మా పిల్ల రోజూ పోతాంది. ఈ ఇంటి ముందరికి వచ్చి పిల్చుకొని పోతాది, మళ్లా ఈడికే తెచ్చి వదుల్తాది. పిండిమర పక్కన మా ఇల్లు నీకు తెలుసు కదా. తేడా వస్తే వచ్చి నన్ను అడుగు."

ఆలోచించి చెబుతానన్నాడు. పిల్ల పాంప్లెట్టును రెండు పక్కలా చదివి, మడవకుండా నాకు తిరిగి ఇచ్చింది.

ఎండలు ముదిరేదాకా అట్లా తిరిగాను. పరీక్షలు అయ్యాయి. డిగ్రీలో చేరాలనుకునే పిల్లలు ఆన్‌లైన్‌లో తమకు కావలసిన కాలేజీ పేరు పెట్టుకోవాలంట. దానికి గడువు మొదలైంది. సారు రామసముద్రం దిక్కునుంచి కొందరిని తెచ్చాడు. నేను పిలిచినవాళ్లు ఒక్కరూ రాలేదు, ఒక్క ఫోనూ చేయలేదు. అడుగుదామని ఫోను చేస్తే సారు మాట పీలగా వినిపించింది. అల్లుడు కుప్పంనుంచి ఫోను చేసి, "ఏమైంది అత్తా, సూపర్‌వైజరుకు సెప్పమంటావా?" అన్నాడు. నేను ఫోను పిల్లకు ఇచ్చేసి పెరట్లోకి పోయాను. నా బొట్టుకు అంత విలువ లేకుండా పోయిందా అని ఒకటే బాధ.

గడువు రెండు రోజుల్లో ముగుస్తుందనగా పిల్ల అటక మీద ఏదో వెతుకుతూ కేక పెట్టింది.

"అవ్వా! ఇదేందవ్వా, కట్ట అట్లనే ఉండాదే!"

"ఉండక? ఒకటే తీసినా. ఊరంతా దాన్నే సూపించినా."

"ఇయ్యలేదా ఎవురికీ?"

"యాల ఇయ్యాల? సూసి మళ్లా ఇయ్యమన్నా. సదువుకున్న తర్వాత వాళ్లకెందుకు? బజ్జీలు సుట్టుకునేదానికా? వెనకపక్క తెల్లగా ఉండాది, నువ్వు లెక్కలు రాసుకుంటావని దాచి పెట్టినా."

పిల్ల నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

"ఫోను నంబరు దాంట్లోనే కదవ్వా ఉండేది. కాలేజీ పేరు దాంట్లోనే కదా. కోడ్ నంబరు కూడా దాంట్లోనే. వాళ్లు ఏమని పెట్టుకుంటారు? సిమెంటంగడి పైన కాలేజీ అనా?"

ఇన్నేళ్ల సంసారంలో దాచిపెట్టి చెడింది ఇదొక్కటే. రెండు రోజుల్లో అన్ని పల్లెలూ మళ్లీ తిరగడానికి నా కాళ్లలో బలం లేదు. సారుకు ఫోను చేసి చెప్పింది పిల్ల. ఆయన "సరేలేమ్మా, అవ్వను ఏమీ అనొద్దు" అన్నాడంట. ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ తాకింది.

మర్నాడు పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. స్కూటరు వచ్చి ఆగింది. పరుపుల సాయిబు, వెనక ఆయన కూతురు, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు.

"అవ్వా, నెట్టు అంగడికి పోతే కాలేజీ పేరు సెప్పమంటాండారు. ఆ దినం సదివినాం గాని, అన్ని కాలేజీల పేర్లూ ఒకే మాదిరి ఉండాయి. మర్చిపోయినాం. తేడా వస్తే నిన్నే అడగమంటివి కదా, వచ్చినాం."

ముగ్గు చెంబు అట్లాగే పెట్టి, పిల్లను లేపాను. ఆయనకు కాగితం రాసిచ్చేలోపల టమోటాలామె కూతుర్ని వెంటబెట్టుకొని ఆటో దిగింది. దిగుతూనే నా మీద లేచింది.

"ఏం పెద్దమ్మా, బొట్టు పెట్టి పిలిచి పెండ్లి యాడో సెప్పకుండా పోతావా?"

మధ్యాహ్నానికి అరుగు నిండింది. పిలిచినవాళ్లందరూ రాలేదు. కొందరి పిల్లలు పెద్ద కాలేజీల బస్సులు చూసి అటు పోయారు. వచ్చినవాళ్లు మాత్రం ఊరికే పేరు రాసుకొని పోలేదు. మా ఇంట్లో మజ్జిగ తాగి, ఒకరి పిల్లను ఒకరు పలకరించి, ఎవరు ఎక్కడ బస్సెక్కాలో మాట్లాడుకున్నారు. పాంప్లెట్టు చేతికిచ్చి ఉంటే ఎవరింట్లో వాళ్లు నంబరు పెట్టుకొని ఊరుకునేవాళ్లు. మా ఇంటాయన పాత పాంప్లెట్లను ఒక్కొక్కటే అందరికీ పంచాడు. "ఇది మళ్లా ఇయ్యాల్సిన పని లేదు" అని ప్రతి ఒక్కరికీ, నా దిక్కు చూస్తూ చెప్పాడు.

చేర్పించే రోజు అందరం కలిసి మదనపల్లె బస్సెక్కాం. సారు తెచ్చినవాళ్లతో కలిపి పదమూడు మంది అయ్యారు. పదిహేనుకు రెండు తక్కువ. పిల్ల నా చెయ్యి వదలకుండా పట్టుకుంది. మేం మెట్లెక్కబోతుంటే సిమెంటంగడిలో గల్లాపెట్టె ముందు కూర్చున్న పెద్దమనిషి తల ఎత్తాడు.

"ఏందమ్మా, ఇంతమంది ఆడోళ్లు పోతాండారు? పైన పెండ్లా?"

ఈయనే యజమాని అని పిల్ల నా చెవిలో చెప్పింది. కింద అంగడీ ఆయనదే, పైన కాలేజీ ఆయనదే. నేను మెట్టు దిగి ఆయన ముందుకు పోయాను.

"పెండ్లి కాదప్పా, నీ కాలేజీకే. పదమూడు మంది పిల్లోళ్లు. నువ్వు అడిగింది పదిహేను. కొసరు యేసుకో."

"కొసరు ఏందవ్వా?"

"నలభై ఏండ్లు చింతపండు అమ్మినా. తూకం అయినాక ఇంత కొసరు యేయకుండా ఎవుర్నీ పంపలేదు. నువ్వు అంగడోనివి కాదా?"

"సిమెంటుకు కొసరు లేదవ్వా" అన్నాడు. అంగడిలో పనివాళ్లు నవ్వారు.

"సిమెంటుకు లేకపోనీ. సదువుకు ఇయ్యి. ఈళ్లందర్నీ నేను బొట్టు పెట్టి పిలిచినా. వచ్చే ఏడు కూడా పిలస్తా. పిలిచేదానికి ఈడ కాలేజీ ఉండాలి కదా?"

ఆయన నా వెనక మెట్ల మీద నిలబడిన తల్లులను చూశాడు. మెట్ల పైనుంచి సారు వంగి చూస్తున్నాడు, చేతిలో సుద్దముక్క. యజమాని గల్లాపెట్టె మూసి, "ఈ ఒక్క ఏడు నడిపిస్తా. వచ్చే ఏడు మళ్లా సూద్దాం. పోండి, పైకి పోండి" అన్నాడు.

పిల్ల అక్కడే తండ్రికి ఫోను చేసింది. మిషన్ల రొదలో ఆయనేమన్నాడో నాకు వినబడలేదు. అది మాత్రం "ఊ నాయనా, ఊ నాయనా" అంటూ కళ్లు తుడుచుకుంది.

మూడో సంవత్సరం మొదలైన రోజు పుంగనూరు బస్టాండుకు పోయాను. నాకు అక్కడ పనేమీ లేదు, ఊరికే పోయాను. మదనపల్లె బస్సులో మా పిల్ల కిటికీ పక్క సీటును సాయిబు కూతురికి ఇచ్చి, తాను ఇవతల కూర్చుంది. వెనక సీట్లో టమోటాలామె కూతురు, దాని వెనక ఇంకా ఇద్దరు, అందరి ఒళ్లోనూ కొత్త సంచులు. మా పిల్ల అప్పుడే వాళ్లకు ఏదో పాఠం మొదలుపెట్టింది.

"టిఫిను పెట్టుకొన్యారా మే అందరూ?" అని కిటికీ తట్టాను.

కండక్టరు వాకిలి దగ్గర నిలబడి విజిలు వేయబోతూ ఆగాడు. "ఏమవ్వా, పెండ్లి గుంపా? నువ్వు రావా?"

"పెండ్లి గుంపే అప్పా. నేను వచ్చే ఏడు పిలుపులు మొదలుపెట్టాల. నువ్వు డ్రైవరుకు జాగర్తగా తోలమని సెప్పు" అన్నాను.